నాలుగు సెకన్ల గుండెలు

లెక్క తేలకపోతే తేలలేదని చెప్పాలి. బళ్ళో పిల్లలు కూడా తెలియని లెక్కకి పలక మీద ఖాళీ వదిలేస్తారు గానీ, సున్నా చుట్టేసి పక్కన తామే టిక్కు పెట్టుకోరు. నింకె టెర్ప్‌స్ట్రా నాలుగేళ్ళు పనిచేసిన ల్యాబులో మాత్రం, లెక్క తేలని గుండెకి సున్నా వేసి, ఆ సున్నాకి ఆకుపచ్చ రంగు పూసి, నీకేం భయం లేదు ఇంటికి పొమ్మని చెప్పడానికి సోమవారం ముహూర్తం పెట్టుకున్నారు.

ఆ ముందు శుక్రవారమే నింకె డాక్టరేటు పరీక్ష. అలాంటి రోజున మనిషి మొహంలో కొంచెం భయమూ కొంచెం సంబరమూ ఉండాలి. ఆమె మొహం పొయ్యి మీద మూతపెట్టిన గిన్నెలా ఉంది.

"తన్నబోయే ముందు ఆవు సరిగ్గా ఇలాగే పెడుతుంది మొహం" అంది అక్క ఆఫ్కె, చెల్లెలి నల్లకోటు మీద పడ్డ వెంట్రుకలు ఏరుతూ.

"తన్నాలనే ఉంది."

"ఎవర్నో ముందే చెప్పు, నేను పక్కకి తప్పుకుంటా."

ఆఫ్కె ఉత్తరాన ఫ్రీస్లాండులోని పల్లె నుంచి తెల్లవారుజామున పాలు పితికి, సాయంత్రం పితుకుడు పొరుగువాళ్ళకి అప్పజెప్పి, రెండు రైళ్ళు మారి వచ్చింది. తొంభై ఆవులున్న మనిషి. పరీక్షలో అభ్యర్థి వెనక అటొకరు ఇటొకరు తోడు కూర్చోవడం అక్కడి ఆచారం. ఒకవైపు ఆఫ్కె, రెండోవైపు ల్యాబులో పక్క బల్ల యోస్ట్. యోస్ట్ మంచివాడే. కాకపోతే ఎవరైనా గట్టిగా తుమ్మితే తనే క్షమించమని అడిగే రకం.

ఆ ల్యాబులో చేసే పని చెప్పుకోవాలంటే మరీ కష్టమేం కాదు. గుండె కండలో కరెంటు పుట్టి పాకుతుంది. అది పాకిన వరుసలోనే కండ ముడుచుకుంటుంది. గుండెపోటు వచ్చి తగ్గిన చోట మచ్చ మిగులుతుంది, మచ్చలోంచి కరెంటు పోదు. పోకపోతే పీడాపోయింది. కానీ కొందరికి ఆ మచ్చ మధ్య సన్నటి సందులు మిగులుతాయి. కరెంటు ఆ సందులో దూరి, నత్తలా పాకి, అవతల బయటపడి, చుట్టూ తిరిగి మళ్ళీ అదే సందు మొదటికొస్తుంది. ఇక గానుగెద్దే. ఆ తిరుగుడు మొదలైందంటే గుండె కొట్టుకోదు, వణుకుతుంది. మనిషి కూర్చున్నచోటే ఒరిగిపోతాడు. ఎవరి గుండెలో ఆ తిరుగుడు పుట్టగలదో ముందే తెలిస్తే, వాళ్ళ ఛాతీలో షాకిచ్చే చిన్న యంత్రం అమర్చి బతికించుకోవచ్చు.

తెలిసేదెలా? రోగి గుండెని స్కాన్ తీసి, ఆ ఆకారాన్ని కంప్యూటర్లో లక్షల గళ్ళతో వలలా అల్లి, ఈ గడిలోంచి ఆ గడిలోకి కరెంటు ఎంత దూకుతుందో, ఎంతసేపట్లో దూకుతుందో లెక్కగడతారు. ఒక్కో గుండెకి ఆరు గంటలు పడుతుంది. ఆఖర్న ఇంకో ప్రోగ్రాము వచ్చి, ఎన్ని తిరుగుళ్ళు పుట్టాయో లెక్కపెడుతుంది. ఒక్కటి పుట్టినా ఎరుపు. సున్నా అయితే ఆకుపచ్చ.

వల అల్లే ప్రోగ్రాముకి ఒక పట్టింపు ఉంది. గుండె గోడ మందంలో కనీసం ఎనిమిది గళ్ళు పట్టాలి. గోడ పల్చగా ఉండి పట్టకపోతే, అల్లడం మానేసి లేచిపోతుంది. ఎవరితోనూ చెప్పదు. తర్వాత వచ్చే ప్రోగ్రాము పాపం ఖాళీ గది తలుపు తీసి చూస్తుంది. తిరుగుళ్ళు ఎన్ని? ఒక్కటీ లేదు. సున్నా. ఆకుపచ్చ. మొత్తం నాలుగు సెకన్లు.

పల్చటి గోడల గుండెలు ఎవరివి? ఎక్కువగా ఆడవాళ్ళవి. చిన్న గుండెలు కదా, పైగా మచ్చ పడ్డచోట ఇంకా పల్చబడతాయి. అంటే ఎవరి గుండె బొమ్మ గీయడం ల్యాబుకి చేతకాలేదో, వాళ్ళకి జబ్బు లేదన్నమాట.

ఇందులో నింకెని లోలోపల దహించే సంగతి ఒకటుంది. ఆ లెక్కపెట్టే ప్రోగ్రాము రాసింది తనే. మొదటి ఏడాది, ఒక మధ్యాహ్నం, కాఫీ చల్లారకముందే రాసేసింది. ఏమీ కనబడకపోతే సున్నా వెయ్యి అని ఒక్క ముక్క. వెతికితే కనబడకపోవడం వేరు, అసలు వెతకకపోవడం వేరు అన్న ఆలోచన అప్పుడు రాలేదు. తర్వాత, సంగతి తెలిశాక కూడా, తన థీసిస్‌లో మూడో పట్టిక కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న వాక్యమూ తన చేతిదే: "ఆకార నాణ్యత చాలనందున డెబ్బై ఒక్క గుండెలు మినహాయించబడ్డాయి." మినహాయించింది ఎవరు? ఎవరూ కాదు. వాటంతటవే మినహాయించబడ్డాయి.

గుట్టు బయటపడింది పోయిన నవంబరులో. పాత లెక్కలన్నీ పట్టిన సమయం ప్రకారం వరుసలో పెట్టి చూస్తుంటే, ఆరేసి గంటల మధ్య ఈ నాలుగు సెకన్లవాళ్ళు గుంపుగా కనబడ్డారు. ఆరువందల నలభైలో డెబ్బై ఒక్కరు. వాళ్ళలో యాభై ఎనిమిది మంది ఆడవాళ్ళు. ఆ చలికాలమంతా శనాదివారాలు కూర్చుని, గడి పరిమాణం మూడోవంతుకి తగ్గించి, ఆ డెబ్బై ఒక్క గుండెల్నీ ఒక్కొక్కటే చేత్తో అల్లినంత ఓపిగ్గా అల్లింది. పంతొమ్మిదింటిలో కరెంటు గిర్రున తిరిగింది. అవన్నీ ఎప్పటివో పాత స్కాన్లు, పేర్లుండవు, తర్వాత ఏమైందన్న కాలమ్ మాత్రం ఉంటుంది. ఆ కాలమ్ ప్రకారం ఆ పంతొమ్మిది మందిలో ఆరుగురు మూడేళ్ళలోపే కుప్పకూలారు.

ప్రొఫెసర్ హూబ్ లేందర్స్‌కి చూపించడానికి వెళ్ళినరోజు ఆయన పుట్టినరోజు. పుట్టినరోజున్న మనిషే అందరికీ తినిపించాలి గనక, ఆయనే అప్రికాట్ పళ్ళ టార్టు కేకు మోసుకొచ్చి ముక్కలు కోస్తున్నాడు. ఒకరికి పుట్టినరోజైతే గదిలో ఉన్నవాళ్ళంతా ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. నింకె కూడా చేతిలో ఆ కాగితాలతోనే అందరికీ చెయ్యిచ్చి, తర్వాత ఆయన్ని పక్కకి పిలిచింది. ల్యాబులో ఆయన్ని అందరూ పేరు పెట్టి నువ్వు అనే పిలుస్తారు. ఆయనకదే ఇష్టం. సైకిలు మీద వస్తాడు, గిన్నెలు తనే కడుగుతాడు. అంత మంచివాడితో దెబ్బలాడటం ఎంత కష్టమో ఆమెకి ఆరోజు తెలిసింది.

హూబ్ అంతా ఓపిగ్గా చూశాడు. చాలా బాగా పట్టుకున్నావన్నాడు. మూడో వెర్షన్‌లో సరిచేద్దామన్నాడు. అది ఎప్పుడొస్తుందంటే ఏడాదిన్నర అన్నాడు. ఈలోగా ఆసుపత్రిలో వాడతారుగా అంటే, డాక్టర్లున్నారు, వాళ్ళకి కళ్ళున్నాయి అన్నాడు. పోనీ అల్లడం కుదరని గుండెకి ఆకుపచ్చ బదులు బూడిద రంగు పడేట్టు చేద్దాం, ఒక్క పూట పని, నేనే చేస్తాను అంది. రంగు మారిస్తే అనుమతులన్నీ మళ్ళీ మొదట్నుంచి తెచ్చుకోవాలని, ప్రోగ్రామును అమ్మడానికి ల్యాబువాళ్ళే పెట్టుకున్న కంపెనీ ఆసుపత్రికి తేదీ ఇచ్చేసిందని చెప్పాడు. చెప్పి, టార్టు ముక్క ఆమె పళ్ళెంలో పెడుతూ నవ్వాడు.

"బూడిద రంగు ఎవరికీ నచ్చదు, నింకె. తెలియదు అని చెప్పే యంత్రాన్ని ఎవరు వాడతారు చెప్పు?"

ఆ టార్టు ఆమె తినలేదు. తర్వాత మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ మర్యాదగా జవాబొచ్చింది, మూడో వెర్షన్ అని. ఆసుపత్రి గుండె విభాగం పెద్ద, డాక్టర్ హెర్మీన్ ఓల్దెన్‌కాంప్‌కి తనే నేరుగా చెబుదామంటే సంతకం అడ్డమొచ్చింది. ల్యాబులో చేరిన మొదటి వారంలో సైకిళ్ళ షెడ్డు తాళంచెవితో పాటు ఒక కాగితం ఇచ్చారు. ప్రోగ్రాము లోపలి సంగతులు బయట ఎవరికీ చెప్పనని. తాళంచెవికీ దానికీ కలిపి ఒకేసారి సంతకం పెట్టింది. నిజం చెప్పాలంటే, అడ్డమొచ్చింది సంతకం ఒక్కటే కాదు. డాక్టరేటు చేతికి రావాల్సింది హూబ్ మీదుగానే. నాలుగేళ్ళ చాకిరీ ఆఖరి మెట్టు మీద ఉంది. ఆ భయాన్ని ఆమె సంతకం వెనక దాచుకుంది, దాచుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మార్చిలో ఇంటికెళ్ళినప్పుడు ఆఫ్కె పొలంలోని ఆవు ఒకటి కంచె దాటి రోడ్డు మీద నిలబడి ఉంది. కంచె తీగకి కరెంటు పంపే పెట్టె మీద పచ్చలైటు టిక్కుటిక్కుమని చక్కగా వెలుగుతోంది. లైటు వెలుగుతోందిగా అంది నింకె. ఆఫ్కె వంగింది. పొడుగాటి గడ్డిపోచ ఒకటి పీకి, దాని కొస తీగకి తగిలిస్తూ నడిచింది. చేతికి చురుక్కుమన్నంత మేరా తీగ బాగున్నట్టు. రెండొందల అడుగులు పోయాక చురుకు ఆగింది, తెగిన చోటు దొరికింది. పెట్టెకేం తెలుస్తుందే, అది కరెంటు పంపుతుంది గానీ చేరిందో లేదో దానికెందుకు అంది ఆఫ్కె, తీగ ముడేస్తూ.

ఆ మాటే పదో ప్రతిపాదన అయింది.

డాక్టరేటుకి నిలబడేవాళ్ళు థీసిస్‌తో పాటు విడిగా ఒక కాగితం మీద పది ప్రతిపాదనలు అచ్చువేయించి ఇవ్వాలి. పరీక్షకులు వాటిలో దేనిమీదైనా ప్రశ్న వేయొచ్చు. మొదటి అయిదారు చదువు సంగతులు, తర్వాతివి లోకం సంగతులు, పదోది సరదాకి. పిల్లుల మీదా ఎదురుగాలిలో సైకిలు మీదా క్యాంటీను చీజు మీదా రాస్తారు. కాగితాన్ని ప్రొఫెసరు ఆమోదించాలి. కానీ ఏ ప్రొఫెసరూ పదోదాని దగ్గర కళ్ళజోడు సర్దుకోడు. హూబ్ కూడా చదివి గట్టిగా నవ్వాడు. "నీ పల్లెటూరు నీ థీసిస్‌లో ఎక్కడా కనబడలేదే అనుకున్నా, ఇదిగో ఇక్కడ దాక్కుంది" అన్నాడు. ఆమోదించాడు.

10. కంచె పెట్టె మీద పచ్చలైటు వెలుగుతున్నంత మాత్రాన ఆవు లోపలే ఉందనుకోకూడదు. తీగ తెగిన చోటికి నడిచి వెళ్ళి చూడాలి.

ఆ హాలుకి ఒక ధర్మం ఉంది, నింకె ఆశంతా దానిమీదే. అక్కడ పరీక్షకులు అడిగినదానికి అభ్యర్థి జవాబు చెప్పి తీరాలి. సంతకాలూ కంపెనీలూ ఆ గుమ్మం అవతలే. కాకపోతే ఎవరైనా అడగాలి. అడగనిదానికి నోరు విప్పే వీల్లేదు. అడగాల్సిన మనిషి కూడా ఆ ఆరుగురు పరీక్షకుల్లో ఒకరు: డాక్టర్ ఓల్దెన్‌కాంప్.

సరిగ్గా రెండు గంటలకి తలుపులు తెరుచుకున్నాయి. చిన్న చిన్న గంటలు కట్టిన వెండి దండం పట్టుకుని ముందు దండధారి, వెనక నల్లగౌన్లూ నల్లటోపీల్లో ప్రొఫెసర్లు బారుగా వచ్చారు. హాలంతా లేచి నిలబడింది. ఇక అక్కడ్నుంచి నలభై అయిదు నిమిషాలు. నిమిషం ఎక్కువా కాదు తక్కువా కాదు. ల్యాబులో నువ్వు అని పిలుచుకునేవాళ్ళు కూడా ఆ కాసేపూ మహావిద్వాంసులైన పరీక్షకులు గారూ, గౌరవనీయ అభ్యర్థీ అనుకోవాలి.

మొదటి ఆయన స్వీడన్ నుంచి వచ్చాడు. గడి పరిమాణం గురించి అడిగాడు, జవాబు వింటూ మళ్ళీ అదే అడిగాడు. పది నిమిషాలు పోయాయి. రెండో ఆయన తన ప్రశ్న మీద తనకే ముచ్చటేసి, దాన్ని ఏడు నిమిషాలు చెప్పుకున్నాడు. మూడో ఆయన మూడో పట్టిక తీశాడు.

"డెబ్బై ఒక్క గుండెలు మినహాయించారు. తగిన కారణం ఉండే ఉంటుంది" అన్నాడాయన. పేజీ తిప్పేశాడు.

అది ప్రశ్న కాదు. ప్రశ్న కానిదానికి జవాబు ఉండదు. డెబ్బై ఒక్కమంది మనుషులు ఒక మర్యాద మాట కింద నలిగి, పేజీ చప్పుడుతో పాటు అవతలికి పోయారు. నింకె చేతులు వెనక్కి కట్టుకుని, గోళ్ళు అరచేతిలోకి దిగేదాకా పిడికిలి బిగించింది. వెనక కూర్చున్న ఆఫ్కెకి ఆ పిడికిలి కనబడుతూనే ఉంది.

నాలుగో ఆయనా అయిదో ఆవిడా అయ్యేసరికి గోడ గడియారంలో మిగిలింది నాలుగు నిమిషాలు. డాక్టర్ ఓల్దెన్‌కాంప్ లేచింది. అరవై దాటిన పొట్టి మనిషి, టోపీ చెవుల మీదికి జారుతోంది. తన దగ్గర పెద్ద ప్రశ్నే ఉంది గానీ దానికి వేళ చాలదనీ, సరదాగా ముగిద్దామనీ అంది. ప్రతిపాదనల కాగితం కళ్ళకి దూరంగా పట్టుకుంది.

"గౌరవనీయ అభ్యర్థీ, మా నాన్నకీ ఆవులుండేవి. నేను రోజూ ఆ పచ్చలైటు చూసే బడికి పోయేదాన్ని, ఎప్పుడూ తీగ వెంట నడిచిన పాపాన పోలేదు. మరి లైటు వెలుగుతూనే ఉంటే, తీగ తెగిందని మీకెలా తెలుస్తుంది?"

హాలు నవ్వింది. హూబ్ కూడా నవ్వాడు. నింకె నవ్వలేదు.

"మహావిద్వాంసులైన పరీక్షకులు గారూ, లైటుని చూస్తే తెలియదు. ఎంతసేపు పనిచేసిందో చూడాలి. నా ప్రోగ్రాములో ఒక గుండె లెక్క తేలడానికి ఆరు గంటలు పడుతుంది. డెబ్బై ఒక్క గుండెలకి నాలుగు సెకన్లే పట్టింది. ఎందుకంటే ఆ గుండెల్ని అది చూడనే లేదు. గోడలు పల్చన, వల అల్లలేక వదిలేసింది. వాటిలో యాభై ఎనిమిది ఆడవాళ్ళవి."

నవ్వు ఆగిపోయింది. హూబ్ కుర్చీలో ముందుకి జరిగి, పరీక్ష నడిపే అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు చూడనట్టు ఊరుకున్నాడు. అభ్యర్థి జవాబు చెబుతుండగా మధ్యలో దూరే హక్కు ఆ హాల్లో ఎవరికీ లేదు.

"నేను వాటిని చిన్న గళ్ళతో మళ్ళీ అల్లాను. పంతొమ్మిదింటిలో కరెంటు తిరుగుతోంది. ఆ పంతొమ్మిది మందిలో ఆరుగురు తర్వాత కుప్పకూలారు. థీసిస్‌లో నేను దాన్ని మినహాయించబడ్డాయి అని రాశాను. అది అబద్ధపు వాక్యం. రాసింది నేనే. థీసిస్‌లోనైతే మినహాయించాం గానీ, ఆసుపత్రికి ఇచ్చిన ప్రోగ్రాములో మినహాయించేవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ చూడని గుండెకీ ఒక రంగు పడుతుంది. సోమవారం నుంచి మీ వార్డులో ఆ గుండెలకి పడే రంగు"

తలుపు తెరుచుకుంది. గంటలు గలగలమన్నాయి. దండధారి నడిమధ్యకి నడిచొచ్చి దండం నేలకి తాటించాడు.

"హోరా ఎస్ట్."

వేళయిందని లాటిన్‌లో చెప్పడం. ఆ మాట పడ్డాక అభ్యర్థి నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉండాలి. నూట యాభై మంది చూస్తుండగా నింకె నోరు మూసుకుంది. బడుద్ధాయి ఆచారం అని తిట్టుకుంటూనే మూసుకుంది. ఎందుకంటే తనని అంతదాకా మాట్లాడనిచ్చిందీ ఆ ఆచారమే. ప్రొఫెసర్లు లేచి బారుగా లోపలి గదిలోకి పోయారు. పోతూ హూబ్ గట్టిగా ఊపిరి వదలడం ఆమెకి వినబడింది.

"మధ్యలో ఆపేశావేం?" అంది ఆఫ్కె వంగి.

"ఆపాలి. ఆచారం."

"పొదుగు కింద కూర్చున్నదాన్ని గడియారం కొట్టిందని లేచిపోతానా నేను? ఆ ఒక్క ముక్కా అనెయ్యలేకపోయావూ?"

యోస్ట్ ఎవరికో తెలియదు గానీ క్షమించమన్నాడు.

మామూలుగా పావుగంటలో తిరిగొచ్చేవాళ్ళు అరగంట దాటాక వచ్చారు. డాక్టరేటు ఇచ్చారు. తర్వాత హూబ్ లేచి, ప్రొఫెసరు చదవాల్సిన మెప్పుదల కాగితం చదివాడు. ముందురోజే రాసుకున్నది, ఒక్క అక్షరం మార్చలేదు. "నింకెకి వదిలిపెట్టడం అనేది తెలియదు. ఎంత చిన్న లెక్కయినా సరే, తేలేదాకా కూర్చుంటుంది" అని చదివాడు. హాలు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు నింకెకి చెంపల మీద కొట్టినట్టున్నాయి.

పక్క గదిలో విందు. వేడివేడి మాంసం ఉండలూ ఆవపిండి పచ్చడీ, వైను గ్లాసులూ. నింకె ఒక మూల నిలబడితే ఆమె ముందు శుభాకాంక్షలవాళ్ళ వరుస గుమ్మందాకా సాగింది. ఆమెకి చెప్పినవాళ్ళు పక్కనున్న అక్కకీ చెయ్యిచ్చి శుభాకాంక్షలు చెబుతున్నారు. ఆ గది హాలు కాదు. ఇక్కడ అడిగినా జవాబు చెప్పి తీరాల్సిన ధర్మం లేదు. ఇక్కడ నడిచేది సైకిళ్ళ షెడ్డు తాళంచెవితో పాటు పెట్టిన సంతకం.

డాక్టర్ ఓల్దెన్‌కాంప్ వరుసలో తన వంతు వచ్చేదాకా నిలబడింది. గౌను తీసేసింది, టోపీ చంకలో ఉంది. వాళ్ళ పద్ధతిలో మూడుసార్లు బుగ్గకి బుగ్గ ఆనించి, వెనక్కి జరిగి, నింకె చెయ్యి మాత్రం వదల్లేదు.

"లోపల అరగంట నిన్ను గురించే మాట్లాడుకున్నాం. నీ వాక్యానికి చివర లేదు. ఏ రంగు?"

హూబ్ ఎక్కణ్ణుంచి వచ్చాడో, రెండు గ్లాసులతో పక్కనే ఉన్నాడు. "హెర్మీన్, ఇది అందుకు చోటు కాదు. అవి కంపెనీ లోపలి సంగతులు. ఒప్పందం ఉంది. సోమవారం మనం కూర్చుని"

"నిన్నడగలేదు, హూబ్."

నింకె ఆయన వైపు చూసింది. నాలుగేళ్ళు తనకి కాఫీ కలిపిచ్చిన మనిషి. మా అమ్మ పోయినప్పుడు నాలుగు గంటలు రైల్లో కూర్చుని ఊరికొచ్చిన మనిషి కూడా అనుకుంది. ఆ మంచితనం మీదే ఇప్పుడు ఆమెకి కోపమొచ్చింది, ఇంత మంచితనం పెట్టుకుని ఒక్క బూడిద రంగు పూయలేకపోయాడే అని.

"ఆకుపచ్చ" అంది.

డాక్టరు చెయ్యి పట్టు బిగిసింది. ఆమె నెమ్మదిగా, సోమవారం నుంచి అందరికీ వాడతామన్నది నిజమేననీ, కానీ వార్డులో అలవాటు కోసం మూడు వారాలుగా అది నడుస్తూనే ఉందనీ చెప్పింది. నలభై ఒక్క మందికి చూశారు. ఆకుపచ్చ పడ్డవాళ్ళని షాకిచ్చే యంత్రం అక్కర్లేదని చెప్పి పంపించేశారు.

"మూడు వారాలుగానా? నాకెవరూ చెప్పలేదే" అంది నింకె. చెప్పాల్సిన మనిషి చేతుల్లో గ్లాసుల్లోకి చూసుకుంటున్నాడు.

"ఎవరెవరో తెలుస్తుందా?" అంది డాక్టరు.

"మీ స్క్రీను మీద కుడి చివర ఒక కాలమ్ ఉంటుంది. సమయం. ఎవరూ చూడరు దాన్ని. నాలుగు సెకన్లున్నవాళ్ళని వెతకాలి."

"పద."

డాక్టరేటు పుచ్చుకుని సొంత విందులోంచే లేచిపోయిన మనిషిని ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. నింకె కోటు తగిలించుకుంటుంటే, ఆఫ్కె ఆమె నిలబడ్డ చోటులోకి జరిగి, వరుసలో తర్వాతి మనిషికి చెయ్యి చాచింది. ఎలాగూ నాకూ చెబుతున్నారుగా, అన్నీ నేనే పుచ్చుకుంటాను పో అంది. ఆ తర్వాతి మనిషి హూబే. గుమ్మం దాటుతుంటే అక్క గొంతు వెనకనుంచి వినబడింది, గది మొత్తానికీ వినబడేట్టు.

"మీకూ శుభాకాంక్షలు, ప్రొఫెసరు గారూ. మీ ఆవులు ఎటుపోయాయో వెతకడానికి మా పిల్ల వెళ్ళింది."

ఆసుపత్రి రోడ్డుకి అవతలే. నాలుగో అంతస్తులో డాక్టరు గదిలో కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది. ఆమె స్క్రీను తెరిచి, నలభై ఒక్క వరుసల్నీ సమయం ప్రకారం సర్దమంది. నింకె సర్దింది. ఏడు వరుసలు పైకి తేలాయి. నాలుగు సెకన్లు, నాలుగు, నాలుగు, అయిదు, నాలుగు, నాలుగు, నాలుగు. అన్నిటి పక్కనా చక్కటి ఆకుపచ్చ. ఆరుగురు ఆడవాళ్ళు, ఒక మగాయన. ఈసారి పేర్లున్నాయి. నింకె ఇంతవరకూ పేర్లున్న గుండెల్ని చూసి ఎరగదు.

మొదటి పేరు శ్రీమతి బ్లాంకెన్. యాభై నాలుగేళ్ళు. పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం. రెండు వారాల కిందట డాక్టరు స్వయంగా ఆమె భుజం తట్టి, ఇక నిశ్చింతగా కొలనులో దిగండి అని చెప్పి పంపింది. ఆ మాట తనకి గుర్తుందని చెప్పి, డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

నింకె కోటు జేబులో ఫోను అదురుతోంది. హూబ్. తీసి, స్క్రీను కిందికి వచ్చేట్టు బల్ల మీద బోర్లించింది. అది బోర్లాపడే కాసేపు గింజుకుని ఊరుకుంది.

డాక్టరు నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. ఎత్తారు. అవతల పిల్లల కేకలూ నీళ్ళ చప్పుడూ వినబడుతున్నాయి, మధ్యలో ఈల ఊదినట్టుగా ఒక పొడుగాటి చప్పుడు. డాక్టరు తన పేరు చెప్పి, ముందు నీళ్ళలోకి దిగొద్దంది. ఒడ్డున కూర్చోమంది, పక్కన ఎవరినైనా ఉండమనమంది. అవతల ఆవిడ కంగారుగా, అదేంటి డాక్టరు గారూ, నా గుండె బాగుందని కంప్యూటరు చెప్పిందన్నారుగా అంటోంది.

డాక్టరు ఒకసారి నింకె మొహంలోకి చూసింది. ఎవరి మీద నెట్టాలా అని వెతికిన చూపు కాదది.

"అమ్మా, మీ గుండెని మేం చూడలేదు" అంది. "చూశామని చెప్పాం."